ఇంటి అలారం ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఏది పెట్టాలి: బెజవాడ, గుంటూరు ఇళ్ళకి సరిపోయే పూర్తి గైడ్

సంక్రాంతికి సొంతూరు వెళ్ళినా, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి ఆర్నెల్లు ఉండొచ్చినా, మన వైపు ఇళ్ళకి తాళం పడే రోజులు ఎక్కువే, అందుకే ఇప్పుడు బ్రాడీపేటలో చూసినా పటమటలో చూసినా గోడల మీద ఎర్ర లైటు సైరన్ డబ్బాలు కనపడుతున్నాయి. తీరా ఆ ఇంటివాళ్ళని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే, "పెట్టించాం అండి, రాత్రుళ్ళు ఊరికే మోగుతోందని ఆపేశాం" అని. ఆపేసిన అలారం ఉన్నా లేనట్టే. ఊరికే మోగని అలారం, ప్రతి రాత్రీ ధైర్యంగా ఆన్‌లో పెట్టి పడుకోగలిగే అలారం కావాలి, అది ఎక్కువ డబ్బు పెడితే రాదు, లోపల ఏది ఎలా పనిచేస్తుందో తెలిస్తే వస్తుంది. ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి "ఇది ఇక్కడ వద్దు బాబూ, అక్కడ పెట్టు" అని మీరు చెప్పగలిగేంత వరకు ఇందులో రాస్తున్నా.

1. ముందు మొత్తం సంగతి

ఏ కంపెనీదైనా లోపల జరిగేది మూడు పనులే. కనిపెట్టడం సెన్సర్ల పని, నిర్ణయించడం ప్యానెల్ పని, నలుగురికీ చెప్పడం సైరన్, ఫోన్ కాల్, యాప్‌ల పని. షాపులో మనకి మురిపెంగా చూపించేది సెన్సర్లనీ యాప్‌నీ, ఇళ్ళలో ఎక్కువగా దెబ్బతినేది మాత్రం చివరి పని, అంటే అలారం మోగాక ఎవరు వస్తారు అనేది. దాని గురించి కింద విడిగా చెప్తా.

కరెంటు అలారం ఐడియా చాలా పాతది. 1853లో అమెరికాలో బోస్టన్ పక్కన సోమర్‌విల్‌లో ఉండే అగస్టస్ రస్సెల్ పోప్ అనే ఆయన దీనికి పేటెంట్ తీస్కున్నాడు, తలుపు తెరిస్తే సర్క్యూట్ కలిసి అయస్కాంతం పనిచేసి గంట మోగేది. తలుపు తీస్తే కలిసే సర్క్యూట్‌తో ఒక చిక్కుంది, దొంగ ముందే వైరు కోసేస్తే ఇక అది కలవదు, గంట మోగదు. అందుకే ఇప్పటి వైర్డ్ సిస్టమ్స్‌లో దాన్ని తిరగేశారు. సెన్సర్ వైర్లో ఎప్పుడూ సన్నగా కరెంటు పారుతూనే ఉంటుంది, ఆ పారేది ఆగితే అలారం. తలుపు తెరిచినా ఆగుద్ది, వైరు కోసినా ఆగుద్ది, దొంగకి రెండు దారులూ మూసుకుపోయాయి. దీన్నే నార్మల్లీ క్లోజ్డ్ అంటారు, పనివాళ్ళు పొట్టిగా ఎన్‌సీ అంటారు. ఇది గుర్తుంచుకోండి, ప్యానెల్ దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

2. కాగితం తీస్కుని ఇల్లు చుట్టూ తిరగండి

కొనటానికి ముందు చేయాల్సిన పని ఇది, చాలామంది ఇదే వదిలేస్తారు. ఇంటి ప్లాన్ వంకర టింకరగా అయినా సరే గీసి, మనిషి లోపలికి రాగలిగే ప్రతి చోటూ గుర్తు పెట్టండి. వీధి గుమ్మం అందరికీ గుర్తుంటుంది. పెరటి తలుపు, డాబా మీదకెళ్ళే మెట్ల తలుపు, బాత్‌రూమ్ వెంటిలేటర్, ఏసీ కోసం గ్రిల్ కోసి వదిలేసిన కిటికీ, ఇవి మర్చిపోతారు. కొరిటెపాడు, లక్ష్మీపురం వైపు ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కదా, పక్కింటి డాబా మీద నుంచి మీ డాబా మీదకి ఒక అడుగు వేస్తే చాలు, కాబట్టి అలాంటి వీధుల్లో నా లెక్కలో వీధి గుమ్మం కంటే డాబా తలుపే ముందు. దానికి ఉండేది ఓ రేకు తలుపు, ఓ చిన్న గడియ.

అపార్ట్‌మెంట్ అయితే పని తేలిక. మెయిన్ డోర్, బాల్కనీ, వాషింగ్ మెషిన్ పెట్టుకునే యుటిలిటీ, అంతే. టాప్ ఫ్లోర్ వాళ్ళు, గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళు మాత్రం ఇండివిడ్యువల్ ఇల్లు లాగే లెక్క వేస్కోండి.

ఇదే కాగితం మీద ఇంకోటి కూడా గీయండి, దొంగ ఎటునుంచి వచ్చినా బీరువా ఉన్న గదికి చేరాలంటే ఏ నడవ దాటాలి అని. తలుపులన్నిటికీ సెన్సర్లు పెట్టటం కుదరకపోయినా ఆ నడవలో ఒక మోషన్ సెన్సర్ ఉంటే సగం పని అయిపోతుంది.

3. తలుపు సెన్సర్

చూట్టానికి రెండు తెల్ల ప్లాస్టిక్ ముక్కలు. ఒకదాంట్లో ఉత్త అయస్కాంతం, రెండోదాంట్లో రీడ్ స్విచ్. రీడ్ స్విచ్ అంటే బియ్యపు గింజ కంటే కాస్త పెద్ద గాజు గొట్టం, అందులో ఎదురెదురుగా రెండు పల్చటి ఇనుప రేకులు, మధ్యలో వెంట్రుకవాసి సందు. అయస్కాంతం దగ్గరగా ఉన్నంతసేపూ ఆ రేకులు ఒకదాన్నొకటి పట్టుకుని కరెంటు పారుద్ది, తలుపుతో పాటు అయస్కాంతం దూరం జరగగానే విడిపోతాయి. 1936లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే ఎల్‌వుడ్ కనిపెట్టాడు దీన్ని, ఇప్పటికీ పెద్దగా మార్పు లేదు, మార్చాల్సిన అవసరం కూడా రాలేదు. గాజు గొట్టం మూసేసి ఉంటుంది కాబట్టి దుమ్ము, తేమ లోపలికి పోవు. మొత్తం సిస్టమ్‌లో నేను ఎక్కువగా నమ్మేది దీన్నే.

బిగించేటప్పుడు చూడాల్సినవి ఉన్నాయి. అయస్కాంతం తలుపు రెక్కకి, వైరు ఉన్న ముక్క గుమ్మం చెక్కకి, రెండూ ఇంటి లోపలి వైపే, బందుల వైపు కాకుండా తలుపు తెరుచుకునే అంచు దగ్గర. బందుల దగ్గర పెడితే తలుపు మనిషి పట్టేంత తెరిచినా అక్కడ కదిలేది కొంచెమే, సెన్సర్‌కి తెలీదు. మామూలు సెన్సర్లకి సందు 15 నుంచి 20 మిల్లీమీటర్లు దాటితే పట్టు పోద్ది, మీరు మాత్రం 5 నుంచి 8 లోపు ఉంచండి. ఎందుకంటే మన చెక్క తలుపులు వానాకాలం ఉబ్బి బిగుసుకుంటాయి, ఎండాకాలం ఎండి వదులవుతాయి, ఏప్రిల్లో సరిపోయిన సందు ఆగస్టులో సరిపోదు.

ఇనుప తలుపుకీ రేకు తలుపుకీ ఈ మామూలువి అతికించొద్దు. ఇనుము అయస్కాంతం పట్టుని తనలోకి లాగేసుకుంటుంది, సందు తక్కువున్నా స్విచ్ సరిగ్గా పట్టదు, గాలికి తలుపు కొంచెం ఊగితే చాలు మోగుద్ది. డాబా రేకు తలుపుకి హెవీ డ్యూటీ మెటల్ కాంటాక్ట్ అని అడగండి, లేదంటే కింద ప్లాస్టిక్ ముక్క వేసి ఎత్తు చేయించండి. షట్టర్లకి విడిగా నేలకి బిగించే రకం ఉంటుంది.

4. మోషన్ సెన్సర్, అసలు తలనొప్పి అంతా ఇక్కడే

గది మూలలో పైన పెట్టే తెల్ల డబ్బా, దాన్ని పీఐఆర్ అంటారు. ఊరికే మోగే అలారాల్లో ఎక్కువ భాగం దీని వల్లే, అది కూడా వస్తువు చెడ్డదై కాదు, తప్పు చోట బిగించటం వల్ల. కాబట్టి ఇది కొంచెం నిదానంగా చదవండి.

ఇది దేన్నీ బయటికి పంపదు, వచ్చే వేడిని చూస్తుంది, అంతే. మనిషి ఒంట్లోంచి ఎప్పుడూ కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వస్తూనే ఉంటుంది, 9, 10 మైక్రాన్ల దగ్గర అది ఎక్కువ. డబ్బా లోపల చిన్న చిప్, దాని మీద పక్కపక్కనే వేడికి స్పందించే రెండు ముక్కలు. ముందున్న ఆ గరుకు ప్లాస్టిక్ నిజానికి లెన్స్, ఫ్రెనెల్ లెన్స్ అంటారు, అది గదిని విసనకర్ర మడతల్లాగా చారలు చారలుగా విడగొట్టి చిప్‌కి చూపిస్తుంది. మనిషి ఒక చారలోంచి ఇంకో చారలోకి దాటినప్పుడు వేడి ముందు ఒక ముక్క మీద, వెంటనే రెండోదాని మీద పడుద్ది, ఆ తేడాని చూసి "ఎవరో కదిలారు" అంటుంది. గది మొత్తం మెల్లగా వేడెక్కితే రెండు ముక్కల మీదా ఒకేలా పడుద్ది కాబట్టి ఊరుకుంటుంది.

ఇంత తెలిస్తే ఎక్కడ పెట్టాలో మీకే తోచుద్ది. మనిషి సెన్సర్‌కి ఎదురుగా నడిచొస్తే చారలు దాటడు, ఆలస్యంగా పట్టుకుంటుంది, అడ్డంగా నడిస్తే వెంటనే పట్టుకుంటుంది. అందుకని గుమ్మానికి సూటిగా ఎదురుగోడ మీద కాకుండా, వచ్చేవాడు దాని ముందు అడ్డంగా దాటేలా పక్క మూలలో పెట్టాలి. ఎత్తు ఏడు, ఏడున్నర అడుగులు. ఇంకోటి, కిటికీ అద్దం ఈ కిరణాల్ని ఆపేస్తుంది, అద్దం తలుపు అవతల బాల్కనీలో మనిషి తిరుగుతున్నా లోపలున్న పీఐఆర్‌కి కనపడడు. "లోపల ఒకటి పెడితే బాల్కనీ కూడా కవర్ అవుద్ది" అని ఎవరన్నా చెప్తే నమ్మకండి.

ఇప్పుడు మన ఊరి సమస్య. మేలో బెజవాడ రోళ్ళు పగిలే ఎండ సంగతి తెలిసిందే, 45 డిగ్రీలు దాటిన రోజులు కూడా ఉన్నాయి. తాళం వేసిన ఇల్లు, పైన ఉత్త స్లాబు, రాత్రి పదైనా గది లోపల 36, 37 ఉంటుంది. మనిషి చర్మం వేడి కూడా అటూ ఇటుగా 33 నుంచి 36. పీఐఆర్ చూసేది మనిషికీ వెనకున్న గోడకీ మధ్య వేడి తేడానే కదా, ఆ తేడా లేకపోతే ఇక దేన్ని చూస్తుంది? చలికాలంలో పన్నెండు మీటర్ల దూరంలో పట్టుకున్న సెన్సర్ మే నెలలో అందులో సగం దూరంలో కూడా తడబడుద్ది. టెంపరేచర్ కాంపెన్సేషన్ ఉన్నవి వేడి పెరిగే కొద్దీ తమ సెన్సిటివిటీ తామే పెంచుకుంటాయి, అది ఉన్నదే కొనండి. టాప్ ఫ్లోర్ వాళ్ళయితే ఇంకొంచెం పెట్టి డ్యూయల్ టెక్నాలజీది తీస్కోండి, అందులో పీఐఆర్‌తో పాటు మైక్రోవేవ్ కూడా ఉంటుంది, మైక్రోవేవ్ వేడిని చూడదు, తను పంపిన తరంగం కదిలే వస్తువుకి తగిలి తిరిగొచ్చేటప్పుడు వచ్చే మార్పుని చూస్తుంది. రెండూ ఔనంటేనే మోగేది కాబట్టి ఊరికే మోగటం బాగా తగ్గుద్ది. అయితే రెండూ ఔననాలి అంటే ఎండాకాలం పీఐఆర్ మొద్దుబారే బాధ దీన్లోనూ ఉంటుంది, అందుకే కాంపెన్సేషన్ ఇందులో కూడా అడగాలి. ఏదేమైనా మన వేసవిలో తలుపు సెన్సర్లే మొదటి కాపలా, మోషన్ సెన్సర్ రెండోది.

ఊరికే మోగించేవి చూద్దాం. ఏసీ గాలి నేరుగా తగిలే చోట, పడమటి ఎండ పడే కిటికీకి ఎదురుగా, ఫ్రిజ్ వెనక వేడి కొట్టే చోట, వేలాడే కర్టెన్ల ముందు పెట్టొద్దు. ఫ్యాన్ ఆపకుండా ఊరెళ్తే కర్టెన్ రాత్రంతా ఊగుతూనే ఉంటుంది. మన ఇళ్ళలో అన్నిటికంటే ఎక్కువ మోగించేవి మాత్రం పురుగులు, బల్లులు. ట్యూబ్ లైటు దగ్గర పురుగుల కోసం తిరిగే బల్లి ఒక్కోసారి నేరుగా సెన్సర్ లెన్స్ మీదకి ఎక్కి కూర్చుంటుంది, దూరం నుంచి అయితే అది లెక్కలోకి రాదు, కానీ లెన్సుకి అతుక్కుని కదిలితే ఆ చారంతా అదే కప్పేస్తుంది, ప్యానెల్‌కి మనిషి కదిలినట్టే ఉంటుంది. కాబట్టి ట్యూబ్ లైట్ పక్కన పెట్టకండి, వైరు దూరిన బెజ్జం, స్క్రూ బెజ్జాలు సిలికాన్‌తో మూయించండి, లేకపోతే చీమలు లోపల కాపురం పెడతాయి. టెస్టింగ్ అయ్యాక సెన్సర్ మీద ఎర్ర ఎల్‌ఈడీ ఆపేయండి, అది కూడా పురుగుల్ని పిలుస్తుంది. పల్స్ కౌంట్ అని లోపల చిన్న జంపర్ ఉంటుంది, దాన్ని 1 నుంచి 2కి మారిస్తే ఒక్క కదలికకే మోగకుండా రెండోది కూడా చూసి మోగుద్ది, ఊళ్ళో ఉండే ఇంటికి 2 మంచిది. పిల్లి తిరిగే ఇల్లయితే చిన్న జంతువుల్ని పట్టించుకోని పెట్ ఇమ్యూన్ రకం ఉంది, అయితే పిల్లి బీరువా మీదకి ఎక్కితే అదీ పనిచేయదు.

బిగించాక వాక్ టెస్ట్ చేయకుండా ఎలక్ట్రీషియన్‌ని పంపొద్దు. ప్యానెల్‌ని టెస్ట్ మోడ్‌లో పెట్టించి, మీరు వీధి గుమ్మంలోంచి, పెరట్లోంచి, మెట్ల మీంచి ఒక్కోసారి మామూలుగా, ఒక్కోసారి మెల్లగా నడిచి ఎన్నో అడుగులో లైటు వెలిగిందో చూడండి. ఇదే టెస్ట్ మళ్ళీ మేలో మధ్యాహ్నం చేయండి.

5. మిగతా సెన్సర్లు

గ్లాస్ బ్రేక్ సెన్సర్ గాజు పగిలేటప్పుడు వచ్చే రెండు చప్పుళ్ళు వింటుంది, ముందు దభీమనే బరువైన చప్పుడు, వెంటనే గలగలమనే సన్న చప్పుడు. పెద్ద అద్దం తలుపులున్న ఫ్లాట్లకి సరే, గ్రిల్స్ ఉన్న ఇళ్ళకి అవసరం లేదు. పొగ సెన్సర్ వంటింట్లో, దేవుడి గదిలో వద్దు, ఎండుమిరపకాయల తాలింపుకీ సాంబ్రాణికీ రోజూ మోగి మీకు విసుగు పుట్టిస్తుంది, హాల్లోనో పడగ్గది బయటో పెట్టండి. వంటింటికి గ్యాస్ సెన్సర్ పెట్టుకోవచ్చు, ఎల్‌పీజీ గాలి కంటే బరువు, కింద నేల మీద పరుచుకుంటుంది కాబట్టి దాన్ని నేలకి అడుగు ఎత్తులోపే బిగించాలి, పైన స్లాబుకి బిగిస్తే దండగ.

కెమెరాలు వేరే విషయం. కెమెరా జరిగింది చూపిస్తుంది, అలారం జరుగుతుండగా అరుస్తుంది. రెంటినీ కలపాలన్న ఆలోచన కూడా పాతదే, న్యూయార్క్‌లో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు 1966లో తలుపుకి కెమెరా, లోపల టీవీ, ఆపదకి పోలీసుల్ని పిలిచే బటన్ కలిపి డిజైన్ చేసి 1969లో పేటెంట్ పొందింది. ఉన్న డబ్బులో ఒకటే కుదురుతుందంటే నేనైతే ముందు అలారమే అంటాను.

6. ప్యానెల్

సెన్సర్లన్నీ వచ్చి కలిసే డబ్బా ఇది. ఒక్కో వైరు ఒక్కో జోన్. వీధి గుమ్మం జోన్ 1, పెరటి తలుపు జోన్ 2, ఇలా రాసి తలుపు వెనక అంటించుకోండి, మోగినప్పుడు ఎక్కడో తెలియాలి కదా. ప్రతి జోన్‌కీ ఒక గుణం పెట్టాలి. వీధి గుమ్మానికి ఎంట్రీ డిలే, అంటే మీరు లోపలికొచ్చి కోడ్ కొట్టేవరకు 30 సెకన్లు ఆగుద్ది. పెరటి తలుపుకీ డాబా తలుపుకీ డిలే వద్దు, తెరిచిన క్షణమే మోగాలి. పొగ, గ్యాస్, పానిక్ బటన్ (ఆపదలో నొక్కితే వెంటనే అలారం మోగించే బటన్) 24 గంటల జోన్, సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా పనిచేయాలి.

మోడ్స్ రెండు. ఇంట్లో ఎవరూ లేకుండా వెళ్తే 'అవే' (Away) మోడ్, అన్నీ పనిచేస్తాయి. ఇంట్లో పడుకుంటే 'స్టే' (Stay) మోడ్, తలుపు సెన్సర్లు పనిచేస్తాయి, లోపలి మోషన్ సెన్సర్లు ఊరుకుంటాయి, మీరు రాత్రి మంచినీళ్ళకి లేచినా మోగదు. ఈ స్టే మోడ్ నేర్పకుండా వెళ్ళిపోతారు కొంతమంది పనివాళ్ళు, ఇంట్లో పెద్దావిడ రాత్రి బాత్‌రూమ్‌కి లేవగానే సైరన్ మోగుద్ది, ఇక తెల్లారి నుంచి "ఆ దిక్కుమాలినది ఆపేయండ్రా" అంటుంది. పానిక్ బటన్ కూడా పెద్దవాళ్ళ మంచం పక్కనే ఉండాలి.

ఇప్పుడు ఎవరూ చూడని ఒక చిన్న వస్తువు, ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్, పనివాళ్ళు ఈఓఎల్ అంటారు. ముందు చెప్పుకున్నాం కదా, వైరు కోస్తే కరెంటు ఆగి మోగుద్ది అని. మరి తెలివైనవాడు వైరు కోయకుండా రెండు తీగల్నీ కలిపేస్తే? కరెంటు పారుతూనే ఉంటుంది, తలుపు తీసినా ప్యానెల్‌కి తెలీదు. అందుకే ఆ వైరు చివర, సెన్సర్ దగ్గర, ఒక రెసిస్టర్ పెడతారు, ప్యానెల్‌ని బట్టి 2.2 కిలో ఓమ్స్, 4.7, 5.6, 10 ఇలా. ప్యానెల్ అంత రెసిస్టెన్స్ కనపడితే బాగుంది అనుకుంటుంది, అనంతం అయితే తెరిచారు లేదా కోశారు, సున్నా అయితే ఎవరో వైరు కలిపారు. చూడ్డానికి గోరంత ఉండదు కానీ వైరు మొత్తానికి అదే కాపలా. చిక్కేంటంటే పని తొందరగా అవ్వాలని కొంతమంది ఆ రెసిస్టర్లన్నీ ప్యానెల్ డబ్బాలోనే బిగించి వెళ్తారు. అలా అయితే అది ఉండీ ప్రయోజనం లేదు, వైరులో ఎక్కడ కలిపినా ప్యానెల్‌కి రెసిస్టర్ కనపడుతూనే ఉంటుంది. డబ్బా మూత తీయించి చూడండి, రంగు చారల చిన్న రెసిస్టర్లు సెన్సర్ జోన్ స్క్రూల దగ్గర వేలాడుతుంటే "ఇవి సెన్సర్ దగ్గర పెట్టు అన్నా" అని గట్టిగా అడగండి.

ప్యానెల్ గుమ్మం దగ్గర వద్దు, లోపలి గదిలో, బీరువా పక్కనో అల్మరాలోనో. కీప్యాడ్ ఒక్కటే గుమ్మం దగ్గర. ఎత్తు కూడా ముఖ్యం. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు గ్రౌండ్ ఫ్లోర్లు ఎలా మునిగాయో మనం చూశాం, ప్యానెల్, బ్యాటరీ, రౌటర్ తల ఎత్తుకి పైనే ఉండాలి.

7. వైరా, వైర్‌లెస్సా

ఇల్లు ఇంకా కడుతుంటే రెండో ఆలోచన వద్దు, వైరే. ప్లాస్టరింగ్ కంటే ముందే గుమ్మాలకీ మూలలకీ పైపు వేయించండి, అప్పుడు ఖర్చు పైపు ఖరీదే. కరెంటు వైర్లు పోయే పైపులోనే అలారం వైరు లాగనివ్వొద్దు.

కట్టేసిన ఇంటికి వైర్‌లెస్ సుఖం. చవక కిట్లలో చాలావరకు 433 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడతాయి. అందులో కొన్నిటి కోడ్ ఎప్పుడూ మారదు, అంటే మీరు రిమోట్ నొక్కినప్పుడు ఆ సిగ్నల్ పట్టుకుని ఎవరన్నా మళ్ళీ వదిలితే ప్యానెల్ ఆఫ్ అవుద్ది. కొనేటప్పుడు రోలింగ్ కోడ్ (నొక్కిన ప్రతిసారీ మారే కోడ్) ఉందా, సూపర్‌విజన్ ఉందా అని రెండే అడగండి. సూపర్‌విజన్ అంటే సెన్సర్ అప్పుడప్పుడూ "నేను బతికే ఉన్నా" అని ప్యానెల్‌కి చెప్తుంటుంది, బ్యాటరీ అయిపోయినా, ఎవరన్నా పీకేసినా తెలుస్తుంది. అది లేని సెన్సర్ చచ్చిపోయి ఆర్నెల్లయినా మీకు తెలీదు, మీరు అమెరికాలో నిశ్చింతగా ఉంటారు.

8. కరెంటు పోతే

ప్యానెల్లో 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే 7000 మిల్లీ ఆంపియర్ అవర్స్) బ్యాటరీ ఉంటుంది, చిన్న ఇటుక సైజు. లెక్క తేలికే. ప్యానెల్, సెన్సర్లు, సిమ్ మాడ్యూల్ కలిపి 200 మిల్లీ ఆంప్స్ తాగుతాయనుకోండి, 7000ని 200తో భాగిస్తే 35 గంటలు, అది కాగితం మీద. పాతబడిన బ్యాటరీకి, సైరన్ మోగేటప్పుడు లాగేదానికి తీసేస్తే ఒక రోజు వస్తుందని పెట్టుకోండి. వేడి ఈ బ్యాటరీలకి శత్రువు, 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు సగమవుద్దని బ్యాటరీ వాళ్ళే చెప్తారు, కాబట్టి పెట్టె మీద ఐదేళ్ళని రాసున్నా మన దగ్గర రెండు, మూడేళ్ళకి మార్చేయండి. ఊరెళ్ళేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్ళే అలవాటున్నవాళ్ళు అలారం, రౌటర్, ఇన్వర్టర్ లైన్ ఒక్కటి వదిలి మిగతా ఎంసీబీలు ఆపండి.

9. మోగాక ఎవరు వస్తారు

సైరన్ పెట్టె మీద 110 డెసిబెల్స్ అని ఉంటుంది, అది మీటరు దూరంలో. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుద్ది, 30 మీటర్ల అవతల 80 దగ్గరికి వస్తుంది, మధ్యలో గోడలుంటే ఇంకా తక్కువ. లోపల ఒకటి, బయట చేతికందని ఎత్తులో ఒకటి పెట్టండి. లోపలిది దొంగ చెవులు దిమ్మెత్తటానికి, బయటిది వీధికి. బయటిదాని వైరు కోసినా సొంత బ్యాటరీతో మోగే రకం దొరుకుతుంది.

ఫోన్ చేసే మాడ్యూల్ సంగతి. చవక ప్యానెళ్ళలో ఉండేది 2జీ మాడ్యూల్. జియోకి 2జీ నెట్‌వర్కే లేదు, ఆ సిమ్ వేస్తే ప్యానెల్‌కి సిగ్నల్ రాదు, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ సిమ్ వేయాలి, లేదా 4జీ మాడ్యూల్ ఉన్న ప్యానెల్ కొనాలి. సిమ్ రీఛార్జ్ వాలిడిటీ ట్రిప్ అయ్యేవరకు ఉండేలా చూస్కోండి, ఇది మర్చిపోతే మిగతావన్నీ ఉండి లాభం లేదు. వైఫై యాప్ ఉన్నా సిమ్ కూడా ఉంచండి, ఒకటి పోతే ఒకటి.

ఫోన్ నంబర్ల వరుస ఆలోచించి పెట్టండి. మొదటిది నడిచి రాగలిగే పక్కింటివాళ్ళది, రెండోది ఊళ్ళోనే ఉన్న బంధువులది, మూడోది మీది. మనకి రాత్రి రెండైతే డల్లాస్‌లో మధ్యాహ్నం రెండున్నరో మూడున్నరో, మీరు మెలకువగానే ఉంటారు గానీ అక్కణ్ణుంచి 112 నొక్కితే మన పోలీసులకి పోదు, కాబట్టి మీ పోలీస్ స్టేషన్ నేరు నంబర్ +91తో సహా సేవ్ చేస్కుని వెళ్ళండి. ఏపీ పోలీసుల లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్, ఎల్‌హెచ్ఎంఎస్ అంటారు, దాన్లో తాళం వేసి వెళ్ళే రోజులు చెప్పి రిజిస్టర్ చేసుకుంటే వాళ్ళే కదలికని పట్టే కెమెరా పెట్టి కంట్రోల్ రూమ్ నుంచి చూస్తారు. వెళ్ళేముందు స్టేషన్‌కెళ్ళి మీ ఏరియాలో ఇప్పుడు పెడుతున్నారా అని అడగండి, పెట్టకపోయినా బీట్ కానిస్టేబుల్‌కి మీ ఇంటి సంగతి తెలుస్తుంది.

పక్కింటావిడకి ముందే చెప్పాల్సింది కూడా ఉంది, మొహమాటపడొద్దు. "పిన్నిగారూ, సైరన్ మోగితే మీరు గానీ బాబాయిగారు గానీ లోపలికి మాత్రం వెళ్ళొద్దండి, మీ గుమ్మంలోంచే లైట్లేసి గట్టిగా అరవండి, 112కి ఫోన్ చేయండి, తర్వాత నాకు చేయండి." ఆవిడకి ఒకసారి సైరన్ మోగించి వినిపించండి, ఏ ఇంటిదో గుర్తుపట్టాలి కదా.

10. ఊరెళ్ళే వారం

బయల్దేరే రోజు హడావుడిలో చేయొద్దు, వారం ముందు కూర్చోండి. ప్రతి తలుపూ తీసి జోన్ నంబర్ సరిగ్గా చూపిస్తుందా చూడండి, లెన్సుల మీద దుమ్ము పొడిబట్టతో తుడవండి, వైర్‌లెస్ సెన్సర్లకి కొత్త బ్యాటరీలు వేయండి. మెయిన్ ఆపేసి రెండు గంటలు బ్యాటరీ మీద నడిపి అప్పుడు సైరన్ మోగించండి, నీరసంగా మోగితే బ్యాటరీ మార్చాలి. నంబర్లన్నిటికీ కాల్ వెళ్తుందా అని అసలు అలారం మోగించే చూడండి, యాప్‌లో టెస్ట్ బటన్ నొక్కి సరిపెట్టుకోకండి. పనావిడకి మీ కోడ్ ఇవ్వకుండా విడిగా ఒక కోడ్ పెట్టి ఇవ్వండి, ఎవరు ఎప్పుడు తీశారో లాగ్‌లో పడుద్ది, మీరు వెళ్ళాక ఆవిడ రానక్కర్లేకపోతే ఆ కోడ్ తీసేయండి. చాలా ప్యానెళ్ళలో డ్యూరెస్ కోడ్ అని ఉంటుంది, ఎవరన్నా బెదిరించి ఆపమంటే అది కొడితే సైరన్ ఆగినట్టే ఆగి లోలోపల ఫోన్లు వెళ్ళిపోతాయి, దాన్ని ఇంట్లో అందరికీ నోటితో చెప్పండి, ఎక్కడా రాయకండి. తిరిగొచ్చేటప్పుడు స్టేషన్‌లోనో ఎయిర్‌పోర్ట్‌లోనో ఉండగానే యాప్ లాగ్ చూడండి, అలారం మోగిన ఆనవాలు ఉంటే తాళం తీయకుండా ముందు పోలీసులకి ఫోన్ చేసి, వాళ్ళొచ్చేదాకా పక్కింట్లో కూర్చోండి.